పోస్టర్ మీద పేరుండదు.. పాట మాత్రం వాళ్ల చేతుల్లోనే!

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర కానివ్వండి, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర కానివ్వండి, మదనపల్లె పక్కన ఏదో పల్లెలో తిరునాళ్ల కానివ్వండి. రాత్రికి పాటకచ్చేరి ఉందంటే ముందు ఫ్లెక్సీ పడుతుంది. దాని మీద ఆర్కెస్ట్రా పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. సింగర్ ఫొటో ఉంటుంది. చందాలిచ్చిన అన్నల ఫొటోలు వరసగా ఉంటాయి. కింద మూలలో సౌండ్ సర్వీస్ వాళ్ల ఫోన్ నంబరు కూడా ఉంటుంది. కీబోర్డు వాయించే మనిషి పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

చిన్న ఊళ్లు కదా, అంతేలే అనుకోకండి. ప్రపంచంలో పేరుమోసిన రాక్ బ్యాండ్ల పోస్టర్లు కూడా ఇంతే. పోస్టర్ మీద ముగ్గురో నలుగురో ఉంటారు. స్టేజి మీద చూస్తే పదిమంది కనిపిస్తారు. మరి ఆ మిగతావాళ్లెవరు?

వాళ్లనే సెషన్ మ్యుజీషియన్లు, టూరింగ్ మ్యుజీషియన్లు అంటారు. స్టూడియోలో ఒక పాటకో, ఒక రోజుకో లెక్కగట్టి పిలిస్తే సెషన్. ఊరూరా తిరిగే కచేరీలకు మాట్లాడుకుంటే టూరింగ్. బ్యాండ్‌తో పాటే తిరుగుతారు, బ్యాండ్‌తో పాటే వాయిస్తారు. కానీ కాగితం మీద బ్యాండ్‌లో మెంబర్లు కారు. ఐటీలో ఉన్నవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే కాంట్రాక్టర్లు. పక్కపక్క సీట్లే, ఒకటే కోడు. ట్యాగ్ రంగు మాత్రం వేరు.

పది రోజుల బీటిల్

1964 జూన్. బీటిల్స్ విదేశీ టూర్ రేపు మొదలవుతుందనగా డ్రమ్మర్ రింగో స్టార్ గొంతు వాపుతో ఆస్పత్రిలో చేరాడు. అప్పటికప్పుడు జిమ్మీ నికోల్ అనే సెషన్ డ్రమ్మర్‌కు ఫోన్ వెళ్లింది. ఒక్క రిహార్సల్ చేశారు, అంతే. మర్నాడు కోపెన్‌హేగెన్‌లో వేలమంది ముందు రింగో సూట్ వేసుకుని రింగో డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. డెన్మార్క్, నెదర్లాండ్స్, హాంకాంగ్ అయ్యాక ఆస్ట్రేలియాలో అడిలైడ్ దాకా తనే వాయించాడు. మెల్‌బోర్న్‌లో రింగో వచ్చి కలవగానే నికోల్ పని అయిపోయింది. మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టైన్ డబ్బులతో పాటు ఒక బంగారు వాచీ ఇచ్చి పంపించాడు.

ఆ పది రోజులూ అతను ప్రపంచంలోనే పేరున్న డ్రమ్మర్లలో ఒకడు. తర్వాతి ఏడాది, 1965లో, అప్పులు తీర్చలేక దివాలా తీశాడు.

టూరింగ్ మ్యుజీషియన్ బతుకులోని రెండు కొసలూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. కచేరీ ఆగకుండా నిలబెట్టినవాడు అతనే. కచేరీ అయ్యాక ఎవరికీ గుర్తులేనివాడూ అతనే.

అదే బీటిల్స్ ఇంకో పని కూడా చేశారు. 1969 జనవరిలో బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డు ప్లేయర్ వాళ్లతో కలిసి వాయించాడు. ఆ రికార్డింగుల నుంచి వచ్చిన 'గెట్ బ్యాక్' సింగిల్ మీద 'బీటిల్స్, బిల్లీ ప్రెస్టన్‌తో' అని వేశారు. అదనంగా పడింది ఒక్క పేరే. దానివల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కీబోర్డు వాయించింది ఎవరో అందరికీ తెలుసు.

ముప్పై ఏళ్లు వాయించినా మెంబర్ కాదు

రోలింగ్ స్టోన్స్ కథ ఇంకా విచిత్రం. ఇయన్ స్టూవర్ట్ ఆ బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, పియానో వాయించేవాడు. 1963లో కొత్త మేనేజర్ వచ్చి ఆరుగురు ఎక్కువైపోయారు, పైగా ఇతని వాలకం బ్యాండ్‌కు నప్పదు అన్నాడు. అలా స్టూవర్ట్ పేరు బ్యాండ్‌లోంచి పోయింది. మనిషి మాత్రం పోలేదు. సామాన్లున్న వ్యాన్ నడిపాడు, స్టేజి సర్దాడు, పియానో కూడా వాయించాడు. 1985లో చనిపోయేదాకా వాళ్లతోనే ఉన్నాడు. 1989లో స్టోన్స్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు అతని పేరు కూడా చేర్చారు. అప్పటికి వినడానికి మనిషే లేడు.

ఆ తర్వాత బేస్ గిటారిస్టు బిల్ వైమన్ తప్పుకుంటే డ్యారిల్ జోన్స్ వచ్చాడు. అంతకుముందే మైల్స్ డేవిస్ దగ్గర, స్టింగ్ దగ్గర వాయించినవాడు. 1994 టూర్ నుంచి స్టోన్స్ కచేరీల్లో బేస్ అతనిదే. ముప్పై ఏళ్లు దాటినా ఇప్పటికీ అధికారికంగా బ్యాండ్ మెంబర్ కాదు. 1982 నుంచి కీబోర్డు వాయిస్తున్న చక్ లీవెల్ పరిస్థితీ అంతే. ఏ పాట ఏ శ్రుతిలో మొదలవ్వాలి, ఎంత వేగంలో నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నీ లీవెల్ నోటు పుస్తకాల్లో రాసి ఉంటాయి. ఆ బ్యాండ్ జ్ఞాపకశక్తి అంతా ఒక కాంట్రాక్టర్ పుస్తకాల్లో ఉందన్నమాట!

ఇదంతా అన్యాయమేనా? అంత సులువుగా తేల్చలేం. పింక్ ఫ్లాయిడ్‌నే చూడండి. 'ది వాల్' ఆల్బమ్ తయారవుతుండగా గొడవలొచ్చి, వ్యవస్థాపకుల్లో ఒకడైన కీబోర్డు ప్లేయర్ రిచర్డ్ రైట్‌ను బ్యాండ్‌లోంచి పంపేశారు. 1980, 81ల్లో జరిగిన టూర్‌కు మాత్రం జీతానికి పిలిచారు. ఆ షోలో స్టేజి మీద నిజంగానే పెద్ద గోడ కట్టి కూల్చేవాళ్లు. ఖర్చు తడిసి మోపెడైంది. మిగతా ముగ్గురూ మెంబర్లు కాబట్టి నష్టం పంచుకున్నారు. జీతగాడు కాబట్టి ఆ టూర్‌లో డబ్బు మిగిలింది రైట్ ఒక్కడికే!

అంటే జీతానికి వాయించడంలో భద్రత ఉంది. లాభంలో వాటా రాదు, నష్టంలో వాటా పడదు. ఆ లెక్క తెలిసే చాలామంది ఈ దారి ఎంచుకుంటారు. కాబట్టి డబ్బు కన్నా ముందు అడగాల్సింది పేరు గురించి. జీతం తీసుకున్నంత మాత్రాన పేరు కూడా అమ్ముకున్నట్టేనా?

వేషాలు మారతాయి, హార్మోనియం మారదు

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. చిత్తూరు వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు చూసినవాళ్లకు తెలుస్తుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, రోజుల తరబడి సాగుతాయి. ఆఖర్న నేల మీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ, దాని చుట్టూ భీముడి వీరంగం.

రాత్రి నాటకంలో ఒక సంగతి గమనించండి. అర్జునుడి వేషగాడు తన ఘట్టం అయ్యాక తెర వెనక్కి పోయి టీ తాగొస్తాడు. ద్రౌపది వేషగాడు కాసేపు నడుం వాలుస్తాడు. హార్మోనియం, మద్దెల, తాళాల వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా కూర్చోవాల్సిందే. నటుడు పద్యం మరిచిపోతే హార్మోనియం ఇంకో చుట్టు తిరిగి టైమ్ ఇస్తుంది. గొంతు జారితే దాని వెనకే తనూ జారి కప్పిపుచ్చుతుంది. ఒక పాదం అందుకుని వంత పాడేవాళ్లున్నారే, రాక్ భాషలో బ్యాకింగ్ వోకల్స్ అంటే అదే.

ఆర్కెస్ట్రా వాళ్ల పని కూడా తక్కువదేం కాదు. కుప్పం అంటే మూడు రాష్ట్రాల సరిహద్దు. కచేరీలో తెలుగు పాట అయ్యాక ముందు వరసలోంచి తమిళ పాట అడుగుతారు, వెనక నుంచి కన్నడ పాట కావాలని కేక పడుతుంది. సింగర్ మారితే శ్రుతి మారుతుంది. కీబోర్డు ఆయన అక్కడికక్కడే శ్రుతి మార్చుకోవాలి, ప్యాడ్ వాయించే కుర్రాడు దరువు పట్టుకోవాలి. నిన్న ఒక ట్రూప్‌తో వాయించినవాళ్లే రేపు ఇంకో ట్రూప్‌లో కనిపిస్తారు. ఒకటే కీబోర్డు, ఒకటే వేళ్లు, ఫ్లెక్సీ మీద బ్యానర్ పేరు మాత్రం వేరు. టూరింగ్ మ్యుజీషియన్ అంటే అచ్చంగా ఇదే.

పేరు వేసే అలవాటు మనదే

ఆశ్చర్యం ఏమిటంటే, పక్కన వాయించేవాళ్ల పేరు వేయడం మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీత కచేరీ ఆహ్వానం చూడండి. గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా అని విడివిడిగా ఉంటుంది. ఆకాశవాణిలో కచేరీ వస్తే పక్కవాద్యాల వాళ్ల పేర్లు కూడా చదువుతారు. పద్యనాటకాల కరపత్రాల మీద కూడా నటుల పేర్లతో పాటు 'హార్మోనియం' అని రాసి పక్కన పేరు వేసే ఆచారం ఉంది. ఆ పేరు చూసి నాటకానికి పోయే పెద్దలు ఉన్నారు. సినిమా పాటలు, ఆర్కెస్ట్రాలు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ ఒక్క లైను ఎగిరిపోయింది.

దాంతో ఏం పోతుందో ఒక్కసారి ఆలోచించండి. సినిమాల్లోకి వచ్చిన తొలినాళ్లలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి ఒక పాటల ట్రూప్ ఉండేది. అందులో గిటార్, తర్వాత హార్మోనియం వాయించిన కుర్రాడే ఇళయరాజా! తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ కూడా అదే ట్రూప్‌లో వాయించారు. ఏఆర్ రెహమాన్ కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు రమేష్ నాయుడు, రాజ్-కోటి లాంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవాడే. ఆ రోజుల్లో వాళ్ల కచేరీలు విన్నవాళ్లలో ఎంతమంది, ఆ పక్కన కూర్చున్నదెవరు అని అడిగి ఉంటారు?

పేరు రాసి పెడితే ఎంతకాలం నిలుస్తుందో మదనపల్లెకు బాగా తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీకి వచ్చి 'జనగణమన' పాడారు, ఇంగ్లిష్ అనువాదం కూడా అక్కడే చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చదివిన మనిషి. ఆమె ఠాగూర్ దగ్గర కూర్చుని ఆ పాటకు స్వరాలు రాసిపెట్టడంలో సాయపడ్డారు. పాట ఠాగూర్‌దే, బాణీ ఠాగూర్‌దే. అయినా వందేళ్ల తర్వాత కూడా మదనపల్లెలో మార్గరెట్ పేరు వినిపిస్తుంది. ఎవరో ఆ సంగతి రాసి ఉంచారు కాబట్టి.

క్రెడిట్ లైను చట్టానికీ కావాలి

పేరుదేముందిలే, గౌరవం కోసం అంటారా? కాదు, ఇక్కడ హక్కు కూడా ఉంది. మన కాపీరైట్ చట్టంలో 'పెర్ఫార్మర్' అనే మాటకు నిర్వచనం ఉంది. నటులు, గాయకులు, డ్యాన్సర్లతో పాటు వాద్యకారులు కూడా అందులో ఉన్నారు. గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు! తమ ప్రదర్శనను రికార్డు చేయనివ్వాలా వద్దా అనేది చెప్పే హక్కు వాళ్లకుంది, అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు, ఇది వాయించింది నేనే అని చెప్పుకునే హక్కు కూడా వచ్చాయి.

అదే సవరణలో ఒక మెలిక కూడా ఉంది. సినిమాలో ఎవరి పాత్రయినా ఏదో కాసేపు అలా వచ్చిపోయేదై, పరిశ్రమ అలవాటు ప్రకారం క్రెడిట్స్‌లో పేరు వేయని రకమైతే, ఆ మనిషిని పెర్ఫార్మర్‌గా లెక్కించరు. తన ప్రదర్శనను వక్రీకరించకుండా అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, పేరు వేయకపోవడమే అలవాటైన చోట, ఆ అలవాటే హక్కుకు అడ్డం పడొచ్చు. అందుకే ఆ ఒక్క లైను కోసం పట్టుబట్టాలి.

స్టేజి సంగతి ఇంకోలా తయారైంది. ఇప్పుడు చాలా ఫంక్షన్లలో ల్యాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టి పైన పాడేస్తున్నారు. ట్రాక్‌కు టీ అక్కర్లేదు, బస్సు చార్జీ అక్కర్లేదు. కాకపోతే సింగర్ ఒక చరణం ఎగరగొడితే అది ఆగదు. జనం ఈల వేసి మళ్లీ పాడమంటే ఆ ఊపు అందుకోదు. ఆ పని మనిషే చేయాలి. ఆ మనిషి పేరే మనకు తెలియకపోతే, రేపు ఆయన కనిపించకపోయినా మనం గమనించం.

మన చేతిలో ఉన్నవి

ఫోన్‌లో పాట వింటున్నప్పుడు మెనూలోకి వెళ్లి 'క్రెడిట్స్' ఒకసారి తెరిచి చూడండి. కొన్ని యాప్‌లలో కొన్ని పాటలకైనా ఆ పేర్లు ఉంటాయి. జాతరలో రీల్ తీస్తే సింగర్‌ను ట్యాగ్ చేసినట్టే ప్యాడ్ వాయించే కుర్రాణ్ని కూడా అడిగి ట్యాగ్ చేయండి. యూట్యూబ్‌లో కచేరీ వీడియో పెడుతుంటే కింద డిస్క్రిప్షన్‌లో కీబోర్డు, తబలా, గిటార్ ఎవరెవరో రాయండి. దానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకొకటి. ఈసారి ఊళ్లో ఉత్సవ కమిటీలో మీ అన్నో, బాబాయో ఉంటే, ఫ్లెక్సీ డిజైన్ వాట్సాప్‌లో వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పండి. "చందాలిచ్చినోళ్ల ఫొటోల కింద ఇంకో లైను పడుతుంది కదన్నా, వాయించేవాళ్ల పేర్లు కూడా వేయించు" అని. ప్రింటింగ్ ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగదు.