పాపాయి టోపీ ఢిల్లీకి వెళ్తుంది, అల్లిన చేయి వెళ్తుందా?

బారసాలకో, మొదటి పుట్టినరోజుకో తెల్లటి లేసు టోపీ, గౌను, బుల్లి మేజోళ్లు తీసుకెళ్లడం గోదావరి జిల్లాల్లో మామూలే. ఇప్పుడు వాటినే పెట్టెలో అందంగా సర్ది ‘బేబీ గిఫ్ట్ సెట్’ పేరుతో అమ్ముతున్నారు. ఆడవాళ్లు ఇల్లు కదలకుండా చేసుకోదగ్గ వ్యాపారమని దీనికి పేరు. కానీ ఇల్లు కదలనివాళ్లకు ఇందులో దక్కేది పీసుకింత అనే కూలి మాత్రమే. పెద్ద ఆర్డర్లు దొరికేది ఎగ్జిబిషన్లలో. గ్రామీణ ఉత్పత్తుల సరస్ మేళాలు, ఏటా నవంబర్ 14న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో మొదలయ్యే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన అలాంటివే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పల్లెల దళిత మహిళ అక్కడ సొంత స్టాలు పెట్టాలంటే ఏమేం దాటాలో చూద్దాం.

అల్లేది ఒకరు, అమ్మేది ఒకరు

ఈ ప్రాంతపు లేసుకు కేంద్రం నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లికను మొదట నేర్చుకున్నవాళ్లలో క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల పేద స్త్రీలు ఉన్నారు. తర్వాత అది కాపు ఇళ్లకూ పాకింది. 1982లో వచ్చిన తన పుస్తకంలో సామాజికవేత్త మరియా మీస్ ఈ పరిశ్రమ గుట్టు విప్పారు. రోజంతా అల్లే స్త్రీని ‘ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణి’గా లెక్కగట్టారు కాబట్టే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. బయట తిరిగి బేరం చేసే పని మగ వ్యాపారుల చేతిలో ఉండింది. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీకి అల్లిక కూలి కంటే ఎక్కువే వచ్చేది. అయినా గౌరవం మాత్రం గడప దాటని స్త్రీకే దక్కింది. ఇక్కడ పనికి విలువ కట్టింది శ్రమ కాదు, కులం.

ఆ పొలం పని కూడా తగ్గిపోయింది. కొల్లేరు చుట్టూ వరి చేలు చేపల చెరువులయ్యాక నాట్లు, కోతల కూలి కుంచించుకుపోయింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లు తెంచినప్పుడు, వాటి మీద బతికే పేదల ఆధారమూ పోయింది. అందుకే కుట్టు, అల్లిక పనులు ఇక్కడ సరదా కాదు, బతుకుతెరువు.

ప్రయాణమే అసలు పెట్టుబడి

స్టాలు అద్దె, రైలు ఛార్జీ, బస, సరుకు రవాణా ఖర్చులన్నీ ఒక్క టోపీ కూడా అమ్ముడవకముందే పెట్టాలి. పది రోజులు ఊరు విడిస్తే ఆ పది రోజుల కూలి పోతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఎవరో ఒకరు చూసుకోవాలి. పిల్లల బహుమతులు అమ్మడానికి వెళ్లే తల్లి తన పిల్లను ఎవరి దగ్గర వదలాలన్నది ఏ దరఖాస్తులోనూ ఉండని ప్రశ్న.

ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమలవాళ్లు ప్రదర్శనల్లో పాల్గొనడానికి సాయం ఉంది. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ కింద ప్రత్యేక మార్కెటింగ్ సహాయ పథకం అందుకే పెట్టారు. అయితే ఖర్చు పెట్టాక బిల్లులు చూపించి తెచ్చుకునే సాయం, చేతిలో డబ్బున్నవాళ్లకే అక్కరకొస్తుంది.

రెండో గడప కాగితాలది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. టోపీ, మేజోళ్లు దీని కిందికి రావు. కానీ పెట్టెలో అల్లిక బొమ్మ పెడితే అది వర్తిస్తుంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఆ నమోదు ఏజెంటుకు కాదు, అల్లినామెకు ఉండాలి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో దక్కిన భౌగోళిక గుర్తింపు (జీఐ) విషయమూ అంతే. అధీకృత వినియోగదారుగా నమోదైతేనే ఆ పేరు పెట్టి అమ్ముకునే హక్కు వస్తుంది.

అన్నిటికంటే ఎత్తైన గడప 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. చర్చికి వెళ్లే దళిత స్త్రీ ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తుంది. పేట మారదు, పిలుపు మారదు, కానీ ఎస్సీ-ఎస్టీ హబ్ తలుపు మూసుకుంటుంది. ఏ మతం చేరదీసి అల్లిక నేర్పిందో, ఆ మతం కారణంగానే ఆ అల్లికను అమ్ముకునే సాయం అందకుండా పోతోంది. మతం మారినవాళ్ల ఎస్సీ హోదాను పరిశీలించేందుకు 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఈ చర్చలో విద్యా ఉద్యోగాలతో పాటు మార్కెట్ హక్కునూ మనం చేర్చాలి.

ఏం అడగాలి?

ప్రదర్శన ఖర్చులో కొంత ముందుగానే చేతికివ్వాలి. స్టాలు కేటాయింపు అల్లినవాళ్ల పేరునే, లేదా వాళ్ల డ్వాక్రా సంఘం పేరునే జరగాలి. ప్రదర్శన ప్రాంగణంలో పిల్లల సంరక్షణ గది ఉండాలి. విద్యార్థి సంఘాలు, కార్యకర్తలు ఇప్పుడే చేయగల పని ఒకటుంది: పేటల్లో కూర్చుని ఉద్యమ్ నమోదు, హస్తకళాకారుల గుర్తింపు కార్డు దరఖాస్తులు దగ్గరుండి నింపించడం. మేము వెళ్లే చోటల్లా ముందు అడుగుతున్నది ఒక్కటే: ఆ కాగితం మీద ఎవరి పేరుంది?