ఒక యూరోకే ఇల్లు!... రిపేర్లు అదనం

‘అండర్ ది టస్కన్ సన్’ చూశారా? 2003లో వచ్చింది. విడాకులతో మనసు విరిగిన అమెరికన్ రచయిత్రి ఇటలీ చూడబోయి, దారిలో ఒక పాడుబడ్డ బంగళా కనబడగానే బస్సు దిగిపోయి, దాన్ని కొనేస్తుంది. హీరోయిన్ డయాన్ లేన్. ఆ పసుప్పచ్చ ఎండ, ఆ కొండలు... సినిమా చూసొచ్చిన రాత్రి కలలో నేనూ ఓ ఇల్లు కొన్నాను. తెల్లారాక లెక్కలు వేశాను. అక్కడొచ్చింది చిక్కు!

కథకు మూలం ఫ్రాన్సెస్ మేయస్ 1996లో రాసిన పుస్తకం. ఆవిడ 1990లో కోర్తోనా వూరి దగ్గర ఇల్లు కొన్నమాట నిజమే. అయితే బస్సు దిగి కాదు, ఒంటరిగానూ కాదు. తర్వాత పెళ్లాడిన స్నేహితుడితో కలిసి! పైగా తెరమీద మనం మురిసిపోయిన బంగళా ఆవిడది కానే కాదు, షూటింగు కోసం వెతికి పట్టుకున్న మరో ఇల్లు. సినిమావాళ్ళా, మజాకానా!

సరే, కోర్తోనా మనకందదు. సిసిలీలో సంబూకా అనే కొండవూరుంది. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు కట్టిన వూరంటారు, వాళ్ళ ఇరుకు సందులు ఇప్పటికీ వున్నాయి. 2019లో ఆ వూరి మునిసిపాలిటీ పాత ఇళ్ళను ఒక యూరో నుంచి వేలం వేసింది. 2021లో వేలం 2 యూరోల నుంచి, 2024లో 3 యూరోల నుంచి మొదలైంది. ధరలు పెరగడం మనకేం కొత్త?

‘గుడ్‌ఫెల్లాస్’ (1990)లో నటించి ఆస్కార్ నామినేషన్ అందుకున్న లొరైన్ బ్రాకో కూడా 2019లో అక్కడ ఒకటి కొంది. రెండువందల ఏళ్ళ ఇల్లు. నీళ్ళు లేవు, కరెంటు లేదు. ఆ రిపేర్ల ప్రహసనమే 2020లో టీవీ షో అయింది. టీవీ కెమెరా వెంటలేని మనబోటివాళ్ళ గతేమిటి? మొదటి వేలంలో షరతులు చూడండి. 5,000 యూరోల డిపాజిట్టు కట్టాలి. మూడేళ్ళలో కనీసం 15,000 యూరోలు ఖర్చుపెట్టి బాగుచేయాలి, లేకపోతే డిపాజిట్టు గోవిందా!

మన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవచ్చు, దాంతో అక్కడ ఇల్లూ కొనొచ్చు. కానీ ఇల్లుంది కదా అని వీసా ఇవ్వరు. టూరిస్టు వీసా మీద ప్రతి 180 రోజుల్లో 90 రోజులే మకాం. మిగతా రోజులు మన ఇంటికి కాపలా బల్లులే.

అసలు ఇంత చవకెందుకు? 1968 జనవరిలో భూకంపం ఆ లోయనంతా కుదిపేసింది. పనుల కోసం కుర్రకారు వూళ్ళు విడిచిపోయారు. తలుపులకు తాళాలు పడ్డాయి. అది చదువుతుంటే మా తాతగారి పెంకుటిల్లు కళ్ళముందు మెదిలింది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు!

‘గాడ్‌ఫాదర్’ దర్శకుడు కొప్పోలా తాత కూడా అలాగే దక్షిణ ఇటలీలోని బెర్నాల్దా వదిలి అమెరికా పోయినవాడే. మనవడు 2004లో ఆ వూళ్ళోనే ఒక పాత మేడ కొని, 2012లో హోటల్ తెరిచాడు. అక్కడ గది అద్దెకిస్తారట. ఒక్క రాత్రికి ఎంతో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.