పసుపు సీజన్‌లో కారు పెయింట్: సీలెంట్ కంటే ముందు ఏం కొనాలి?

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. అదే కారు కొన్నప్పుడు మాత్రం షోరూమ్‌లో చూపించిన కోటింగ్ ప్యాకేజీకి తలూపేస్తాం, లేదంటే అసలేమీ పట్టించుకోం. ఈ రెండూ అక్కర్లేదు. బిగినర్స్ ఇంట్లోనే వాడుకునే బేసిక్ కిట్ ఏంటి, సీలెంట్ ఏది తీసుకోవాలి అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. నేను ఉండేది నిజామాబాద్ జిల్లా మోర్తాడ్‌లో కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే.

అసలు సమస్య దుమ్ము

మా ఏరియాలో జనవరి నుంచి మార్చి దాకా పసుపు పనే. తవ్వుతారు, ఉడకబెడతారు, ఆరబెడతారు, చివరికి డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ పడతారు. ఆ డ్రమ్ము తిరుగుతుంటే కొమ్ముల పొట్టు, దానికి అంటిన మట్టి కలిసి గాల్లోకి లేస్తాయి. దానికి రోడ్డు దుమ్ము తోడైతే సాయంత్రానికి బానెట్ మీద ఒక పొర రెడీ.

యూట్యూబ్‌లో ఫోన్ స్క్రాచ్ టెస్టులు చూసేవాళ్లకు మోస్ స్కేల్ తెలిసే ఉంటుంది. ఫోన్ గ్లాస్ మీద లెవెల్ 6 దగ్గర గీతలు మొదలవుతాయి. మట్టిలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7. కారు పెయింట్ పైన ఉండే క్లియర్ కోట్ గాజు కంటే చాలా మెత్తన. అంటే పొడి బట్టతో దుమ్ము తుడవడం సాండ్‌పేపర్ రుద్దడం లాంటిదే. ఎండలో గుండ్రంగా మెరిసే సన్న గీతలు, అవే స్విర్ల్ మార్క్స్, ఎక్కువగా ఇలాగే వస్తాయి.

క్లియర్ కోట్ మందం సుమారు 40-50 మైక్రాన్లు మాత్రమే. గీతలు పోవాలని మెషీన్ పాలిష్ చేయించిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. అరిగింది మళ్లీ రాదు. అందుకే నా లెక్కలో డబ్బు ముందు పెట్టాల్సింది వాషింగ్ మీద, తర్వాతే సీలెంట్ మీద.

ముందు కొనాల్సినవి

1. రెండు బకెట్లు: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మురికైన మిట్‌ను ముందు మామూలు నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి.
2. మైక్రోఫైబర్ వాష్ మిట్: స్పాంజ్ వద్దు. అందులో ఇసుక ఇరుక్కుంటే అదే గీస్తుంది.
3. పీహెచ్ న్యూట్రల్ కార్ షాంపూ: బట్టల సర్ఫ్, గిన్నెల లిక్విడ్ వాడితే ముందు వేసిన వ్యాక్స్, సీలెంట్ తొందరగా పోతాయి.
4. మందపాటి డ్రైయింగ్ టవల్: బోరు నీళ్లు కఠినంగా ఉండే ఊళ్లలో ఇది తప్పనిసరి. నీటి బొట్లు అలాగే ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయి.

కడిగే ముందు నీళ్లు ధారగా కొట్టి దుమ్మంతా జారనివ్వండి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పని నీడలో, బానెట్ చల్లబడ్డాక చేయండి.

ఏ సీలెంట్?

కార్నోబా వ్యాక్స్: మంచి మెరుపు వస్తుంది. కానీ మన ఎండలకు ఎక్కువ రోజులు నిలవదు. నెల, రెండు నెలలు అనుకోండి.

పాలిమర్ సీలెంట్: మెరుపు కొంచెం తక్కువైనా, సరిగ్గా వేస్తే నాలుగైదు నెలలు ఆశించవచ్చు. వేశాక కొన్ని గంటలు తడి తగలకూడదు, ఎన్ని గంటలో బాటిల్ మీద ఉంటుంది.

సిలికా స్ప్రే సీలెంట్: ఇది బిగినర్స్‌కి నా పిక్. స్ప్రే చేయడం, ఒక క్లాత్‌తో పరచడం, ఇంకో క్లాత్‌తో తుడవడం, అంతే. రెండు మూడు నెలలకోసారి మళ్లీ వేసుకోవాలి.

సిరామిక్ కోటింగ్: ఎక్కువ కాలం ఉంటుంది, కానీ వేసేముందు పెయింట్ కరెక్షన్ కావాలి. గీతల మీదే వేస్తే ఆ గీతలు కింద అలాగే ఉండిపోతాయి. ఇక ప్రకటనల్లో కనిపించే '9హెచ్' సంగతి. టెంపర్డ్ గ్లాస్ డబ్బా మీద కూడా ఇదే ఉంటుంది కదా! అది మోస్ స్కేల్ కాదు, పెన్సిల్ గట్టిదనం. 9హెచ్ పెన్సిల్‌కి గీత పడలేదంటే ఇసుకకి కూడా పడదని కాదు.

సీలెంట్ చేసే పనేంటంటే, ఫోన్ స్క్రీన్ మీది ఓలియోఫోబిక్ కోటింగ్ లాగా మురికిని గట్టిగా అంటనివ్వదు, కడగడం తేలిక చేస్తుంది. గీతల్ని ఆపే కవచం మాత్రం కాదు.

వాహన పూజ టిప్

కొత్త కారుకి పసుపు, కుంకుమ పెట్టకుండా ఎవరింట్లో ఊరుకుంటారు? పెట్టండి, కానీ పొడిగా రుద్దకుండా తడిపి, మెల్లగా అద్దండి. తీసేటప్పుడు పొడి బట్ట వద్దు, ముందు నీళ్లు పోయండి. సీటు మీద పసుపు పడితే సబ్బు జోలికి వెళ్లకండి. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు అవుతాయి కదా, సబ్బులోని క్షారానికీ పసుపు అలాగే ఎర్రబడుతుంది. పొడిని వ్యాక్యూమ్‌తో లాగేయండి. మిగిలిన మరక వెలుతురు తగిలేకొద్దీ మెల్లగా వెలిసిపోతుంది.

ఫైనల్ వర్డిక్ట్

రూ.2,000 బడ్జెట్ ఉంటే ముందు మిట్, షాంపూ, టవల్ తీసుకోండి, మిగిలిన దాంతో ఒక చిన్న స్ప్రే సీలెంట్. రూ.500 మాత్రమే ఉంటే సీలెంట్‌ని పక్కన పెట్టేయండి, మిట్, షాంపూ చాలు. బకెట్లు ఇంట్లో ఎలాగూ ఉంటాయి. సీలెంట్ వచ్చే నెల కూడా కొనుక్కోవచ్చు.