‘డెజర్ట్’ – ‘డిజర్ట్’: ఒకే వర్ణక్రమం, రెండు ఉచ్చారణలు
(శింగనమల ప్రాంత కరువు పరిభాష నేపథ్యంలో అర్థవిచారం)

వ్యాససంగ్రహం: ఆంగ్లంలో ఒకే వర్ణక్రమంతో ఉండి, ఉచ్చారణభేదం వల్ల ‘ఎడారి’ అనీ, ‘విడిచిపోవడం’ అనీ అర్థమిచ్చే పదం పుట్టుపూర్వోత్తరాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అనంతపురం జిల్లా కరువును గురించిన రచనల్లో ఈ రెండర్థాలూ కలగలిసిపోవడం వల్ల తెలుగు అనువాదంలో తలెత్తే చిక్కులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉచ్చారణభేదం, ఊనిక, ఎడారి, అరణ్యం, వలస, అర్హత, శింగనమల.

ప్రవేశిక

అనంతపురం జిల్లా కరువును గురించి ఆంగ్లంలో రాసినప్పుడు ఒకే పదం రెండు సందర్భాల్లో ఎదురవుతుంది. నేలను వర్ణించేటప్పుడు అది నామవాచకం, ‘ఎడారి’ అని అర్థం. ఊళ్లను వర్ణించేటప్పుడు అదే క్రియ, ‘విడిచిపోవడం’ అని అర్థం. కాగితం మీద రెండింటికీ తేడా లేదు. చదివేవారి నోట మాత్రం మొదటిది ‘డెజర్ట్’, రెండవది ‘డిజర్ట్’ కావాలి. ఇటువంటి పదాలను భాషాశాస్త్రవేత్తలు హెటెరోనిమ్‌లు అంటారు. తరగతి గదిలో ఇది కేవలం ఉచ్చారణదోషంగా సరిదిద్దబడుతుంది. అనువాదంలో మాత్రం అర్థదోషంగా పరిణమించి, కరువుకు బాధ్యులెవరన్న ప్రశ్న దాకా పోతుంది.

ఉచ్చారణ

నామవాచకంలో ఊనిక మొదటి అక్షరం మీద, క్రియలో రెండవ అక్షరం మీద పడుతుంది. ఊనిక తొలగగానే మొదటి అచ్చు బలహీనపడి ‘డె’ కాస్తా ‘డి’ అవుతుంది. తెలుగులో ఊనిక అర్థభేదకం కాదు. అందువల్ల తెలుగువారి చెవికి ఊనికకన్నా అచ్చులోని తేడాయే ముందు అందుతుంది. బోధనలో ఊనిక సూత్రం చెప్పేకన్నా ఎత్వ ఇత్వాల భేదం చూపడం సులభోపాయం. భోజనానంతరం వడ్డించే తీపి పదార్థాన్ని తెలిపే పదం వర్ణక్రమంలో వేరైనా ఉచ్చారణలో క్రియకు సమానమే. హోటళ్ల తెలుగు పట్టికల్లో దానిని ‘డెజర్ట్’ అని రాయడం వల్ల పాయసం పేరిట ఎడారిని వడ్డించినట్లవుతున్నది.

ఊనిక మార్పుతో నామవాచకం క్రియ కావడం ఆంగ్లంలో సాధారణమే. రికార్డు, ఆబ్జెక్టు, ప్రెజెంటు మొదలైనవి ఉదాహరణలు. ఈ పదం మాత్రం ఆ వరుసలో పూర్తిగా ఇమడదు. రికార్డు అనే నామవాచకానికీ క్రియకూ ఉన్న అర్థసంబంధం స్పష్టం. ఎడారికీ విడిచిపోవడానికీ ఉన్న సంబంధం నేటి వాడుకరికి స్ఫురించదు. దానికోసం లాటిన్ దాకా వెళ్లాలి.

విడిచిన నేల

లాటిన్‌లో ‘సెరెరె’ అంటే కూర్చడం, జతపరచడం. విశ్లేషార్థకమైన ‘డె’ చేరి ‘డెసెరెరె’ అయితే బంధం తెంచుకోవడం, వదలివేయడం. దాని కర్మణి రూపం నుండి ‘డెసెర్టుమ్’ వచ్చింది. అంటే విడిచిపెట్టబడిన చోటు. ఇది ప్రాచీన ఫ్రెంచి ద్వారా మధ్యయుగంలోనే ఆంగ్లంలో చేరింది. క్రియారూపం ఆ తరువాతి శతాబ్దాలలో ఫ్రెంచి నుండి వేరుగా వచ్చింది. కాబట్టి ఇవి ఒకే మూలం నుండి వేర్వేరు కాలాల్లో వచ్చిన రెండు పదాలు.

మూలార్థంలో ఇసుక లేదు, ఎండ లేదు, వానలేమి లేదు. ఉన్నదల్లా మనుషులు లేకపోవడమే. షేక్‌స్పియర్ తన ‘యాజ్ యు లైక్ ఇట్’ నాటకంలో చెట్లు నిండిన ఆర్డెన్ అడవిని ఈ పదంతో పేర్కొన్నది అందుకే. పచ్చని చెట్లూ సెలయేళ్లూ ఉన్న దీవినీ ఇదే విశేషణంతో చెప్పడం నేటికీ ఉన్నది. దానిని ‘ఎడారి దీవి’ అని తెనిగించడం పొరపాటు, ‘నిర్జన ద్వీపం’ అనాలి.

ఈ సందర్భంలో సంస్కృతంలోని ‘అరణ్య’ శబ్దం పోల్చదగినది. ‘అరణ’ అంటే దూరమైనది, పరాయిది. వైదిక వాఙ్మయంలో గ్రామానికి ప్రతియోగి అరణ్యం, అంటే ఊరి ఎల్లకు అవతలిది. చెట్లుండటం దానికి నియమం కాదు. తెలుగు బైబిలు అనువాదకులు సీనాయి ప్రాంతాన్ని ‘సీనాయి అరణ్యము’ అన్నారు. చెట్టుచేమ అరుదైన చోటును అరణ్యమన్నారేమని నేటి పాఠకుడు సందేహించవచ్చు. మూలార్థంలో చూస్తే అది నిర్దుష్టమైన అనువాదం. ‘ఎడారి’ అనే పదానికి ఈ నిర్జనార్థాన్ని మోసే శక్తి నేడు లేదు. ఆ మాట వినగానే ఇసుక, ఒంటె, ఖర్జూరం స్ఫురిస్తాయి.

అనంతపురం ఎడారియా?

జైసల్మేర్ తరువాత దేశంలో అత్యల్ప వర్షపాతం గల జిల్లాగా అనంతపురాన్ని పేర్కొనడం పరిపాటి. పోలికలోని ఇద్దరూ సమానులు కారన్నది మరుగున పడుతున్నది. సాధారణంగా ఏటా 250 మి.మీ.కు లోపు వర్షం పడే నేలను భూగోళశాస్త్రం ఎడారిగా పరిగణిస్తుంది. అవిభక్త అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమి అర్ధశుష్క మండలం, ఎడారి కాదు. చెరువు కట్టి నీటిని నిలుపుకొంటే పైరు పండే నేల. శింగనమల పెద్దచెరువూ, విజయనగర కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువూ ఇందుకు సాక్ష్యాలు. చెరువుకు ‘సముద్రం’ అని పేరు పెట్టినవారు తాము ఎడారిలో ఉన్నామని భావించి ఉండరు.

అయినా పాలనాపరిభాష ఎడారి శబ్దాన్ని ఇక్కడికి తెచ్చింది. కేంద్రప్రభుత్వం 1977–78లో ప్రారంభించిన ఎడారి అభివృద్ధి పథకం 1995–96 నుండి ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకూ విస్తరించి అనంతపురానికి వచ్చింది. (ఎడారిని అభివృద్ధి చేస్తారా, ఎడారి కాకుండా ఆపుతారా అన్నది ఆ పేరులో తేలదు.) కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి తీరాన ఇసుక మేటలు పొలాలను కమ్ముతున్న మాట నిజమే. దానికి సరైన పదం ‘ఎడారీకరణ’. ఫ్రెంచి అటవీశాస్త్రవేత్త ఒబ్రెవిల్ 1949 నాటి గ్రంథంతో ఈ పారిభాషికానికి ప్రచారం వచ్చింది. 1994లో రూపొందిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, వాతావరణ మార్పులూ మానవచర్యలూ రెండూ ఇందుకు కారణాలేనన్నది. విశేషమేమంటే, ఆంగ్లంలో ఈ సాధితపదం మొదలయ్యేది ‘డెజర్ట్’ అని కాదు, ‘డిజర్ట్’ అని. అర్థం నామవాచకానిది, ధ్వని క్రియది.

విడిచినవారెవరు?

క్రియారూపానికి నిందార్థం అంటుకొని ఉంటుంది. అనుమతి లేకుండా సైన్యాన్ని వీడి పారిపోయినవాడిని ఈ పదంతోనే చెబుతారు. 1955 నాటి హిందూ వివాహచట్టం 13వ సెక్షన్ ప్రకారం రెండేళ్లపాటు ఎడతెగని ‘పరిత్యాగం’ విడాకులకు ఒక కారణం. సహేతుకమైన కారణం లేకుండా, ఎదుటివారి సమ్మతి లేకుండా విడిచిపోవడమే పరిత్యాగమని ఆ చట్టం వివరిస్తుంది. ఉండవలసిన బాధ్యత ఉండీ వదిలినవారికే ఈ మాట చెల్లుతుంది.

మరి వేరుసెనగ ఎండిపోయి, బోరు అడుగంటి, ఇంటికి తాళం వేసి బెంగళూరుకు పోయిన కుటుంబం ఊరిని ‘పరిత్యజించినట్లా’? ఆంగ్ల శీర్షికల్లోని కర్మణి విశేషణాన్ని ‘వదిలేసిన ఊళ్లు’ అని తెనిగించినప్పుడు వదిలినది మనుషులవుతారు, తప్పు వారిదవుతుంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లో ప్రచురించిన ‘ది డెజర్టెడ్ విలేజ్’ కావ్యం శీర్షికలోనూ ఇదే విశేషణం ఉన్నది. అక్కడి పల్లెజనం తమంత తాము పోలేదు. భూమిని ధనికులు చేజిక్కించుకోగా వెళ్లగొట్టబడ్డారు. కావ్యం చదివిన తరువాతగాని శీర్షికలోని అన్యాయం తెలియదు. (శీర్షికను తెలుగు లిపిలో ‘డెజర్టెడ్’ అని రాయడం వాడుక, చదవవలసింది ‘డిజర్టెడ్’ అని.)

తెలుగుకు ఈ చిక్కు తప్పనిసరి కాదు. రెవెన్యూ పరిభాషలో జనావాసం లేని గ్రామాన్ని ‘బేచిరాక్’ అంటారు. పారసీకంలో దీపం లేనిదని అర్థం. ఎవరు వదిలారన్న ఆరోపణ అందులో లేదు. ‘పాడుబడిన ఊరు’ అన్నా అంతే. పని వెతుక్కుంటూ పోవడానికి రాయలసీమలో ‘సుగ్గికి పోవడం’ అనే మాట ఉన్నది. కోతల కాలాన్ని తెలిపే ఈ మాటలో పోవడంతోపాటు తిరిగి రావడమూ ఇమిడి ఉన్నది. తాళం వేసిన ఇళ్లున్న ఊరిని ‘వలసలతో ఖాళీ అయిన ఊరు’ అనడమే వాస్తవానికి దగ్గర.

మూడవ పదం

అదే వర్ణక్రమంతో, క్రియ ఉచ్చారణతో మరొక నామవాచకం కూడా ఉన్నది. దానికి ‘తగిన ఫలం’, ‘అర్హత’ అని అర్థాలు. దీని మూలం వేరు, యోగ్యతను తెలిపే ఫ్రెంచి క్రియ. సామాన్యవ్యవహారంలో బహువచనంగా ‘తగిన శాస్తి’ అన్న అర్థంలోనే మిగిలినా, న్యాయతత్త్వ చర్చలో దీనికి ముఖ్యస్థానం ఉన్నది. పంపిణీన్యాయానికి నైతిక అర్హత ప్రాతిపదిక కారాదని జాన్ రాల్స్ 1971లో వాదించాడు. కరువును తిండిగింజల కొరతగా కాక, వాటిని పొందే హక్కు కోల్పోవడంగా అమర్త్యసేన్ 1981లో నిరూపించాడు.

అర్హతకూ హక్కుకూ గల ఈ తేడా శింగనమల నియోజకవర్గానికి దూరమైనది కాదు. ఈ నియోజకవర్గంలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశానికంతటికీ ప్రారంభమైంది. దానికి ఆధారమైన 2005 చట్టం, శారీరక శ్రమకు సిద్ధపడిన గ్రామీణ కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనిని హక్కుగా కల్పించింది. పని అడిగినవారు తాము పేదలమని నిరూపించుకోనక్కరలేదు. ఊరు ‘డిజర్ట్’ చేయకుండా ఆపే ఉద్దేశంతో మొదలైన ఆ ఏర్పాటులో, మూడవ పదం సూచించే అర్హతకు నియమంగా స్థానం ఇవ్వలేదు.