కంటికి కనరాని నేస్తములు

వేరుశనగ మొక్కను పెకలించి చూచినచో వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కానవచ్చును. వానియందు వసించు బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించి, మారుగా దానినుండి చక్కెరను గ్రహించును. బుడిపెలు కట్టక, వేళ్లచుట్టునున్న మన్నులోనే జీవించుచు మొక్కకు మేలుచేయు బాక్టీరియాలును కలవు. చెడిపోయిన నేలలో వాని సాయము ఎట్టిదో తెలిసికొందము.

కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములో సడ్బరీ యను నగరము కలదు. అచ్చటి గనులలో నికెలు, రాగి లభించును. 19వ శతాబ్ది చివరనుండి అనేక సంవత్సరములు ఖనిజమును కాల్చుటచే గంధకపు పొగలు వ్యాపించి, లోహపు ధూళి నేలపై పడినది. చెట్లు నశించి కొండలు నల్లని బండలై మిగిలినవి. 1978లో ఆ నేలపై సున్నము చల్లి, గడ్డివిత్తులు వేసి, పిదప చెట్లు నాటు మహాకార్యము ఆరంభమయ్యెను.

అట్టి విషపు మన్నునందును కొన్ని బాక్టీరియాలు బ్రతికియున్నవి. ఆ రాష్ట్రముననే యున్న వాటర్లూ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ గ్లిక్, ఆయన సహచరులు వానిలో నొకదానిని వేరుచేసి, ఆవజాతి విత్తనములకు పట్టించి, మొలకలకు నికెలు తగులునట్లు చేసిరి. బాక్టీరియా తోడున్న మొలకలు తక్కినవానికంటె బాగుగా పెరిగెను. ఈ ఫలితమును వారు 1998లో ప్రకటించిరి.

దీనికి కారణమేమి? కష్టమునకు లోనైన మొక్కలో ఇథిలీన్ అను వాయువు అధికముగా పుట్టును. కాయలను మాగించునదియు ఈ వాయువే. అది మితిమీరినచో వేళ్ల పెరుగుదల కుంటువడును. ఇథిలీనుగా మారవలసిన పదార్థము కొంత వేళ్లనుండి వెలికి ఊరగా, బాక్టీరియా దానిని విడగొట్టి ఆహారముగా గైకొనును. అంతట వాయువు తగ్గి వేళ్లు సాగును.

అయినను నికెలు ఎచ్చటికిని పోలేదు. బాక్టీరియా సాయము పొందిన మొక్కలందును, పొందని మొక్కలందును, సమానమైన బరువునకు నికెలు ఇంచుమించు సమానముగనే యుండెను! నేలపై ఒలికిన ముడిచమురును కొన్ని బాక్టీరియాలు తిని హరింపగలవు. లోహము మూలకము గావున దానిని ఏ జీవియు నశింపజేయజాలదు. అది మన్నులో నైనను, మొక్కలో నైనను ఉండియే తీరును. కావున అట్టి నేలలోని పైరు మనుజులు తినదగినది కాదు, పశువులకును మేపరాదు.

బాలలారా! పచ్చగా నున్న పైరెల్ల పథ్యము కాదు. కనరాని నేస్తములు మొక్కను బ్రతికింపగలవు గాని, నేలలో విషము చేరకుండ కాచుకొనవలసినవారము మనమే.