బహుముఖ ప్రజ్ఞాశాలిని భానుమతి

నటి అనగానే ఇతరులు రచించిన మాటలను, ఇతరులు నిర్దేశించిన రీతిలో పలికే వ్యక్తి మనకు స్ఫురిస్తుంది. ఆ పరిధిని అతిక్రమించి, తన కళపై తానే అధికారం వహించిన తెలుగు నటి భానుమతీ రామకృష్ణ. నటన, గానం, దర్శకత్వం, చిత్రనిర్మాణం, రచన అనే ఐదు రంగాలలోను ఆమె రాణించారు.

భానుమతి ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో జన్మించారు. సంగీతప్రియుడైన తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య వద్దనే ఆమె సంగీతాభ్యాసం ఆరంభమైంది. కుటుంబ స్త్రీలు సినిమాలలో నటించడాన్ని సంఘం గర్హించే రోజులవి. 1939లో సి. పుల్లయ్య దర్శకత్వంలో వెలువడిన 'వరవిక్రయం' ఆమె తొలి చిత్రం. కాళ్ళకూరి నారాయణరావు నాటకమే దానికి మూలం. కట్నమిచ్చి వరుని కొనడాన్ని నిరసించి ప్రాణత్యాగం చేసే కాళింది పాత్రను అందులో ఆమె పోషించారు.

1943లో పి.ఎస్. రామకృష్ణారావుతో వివాహం జరిగింది. గృహిణిగా స్థిరపడదలచిన ఆమెను బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ' (1945)తో తిరిగి చిత్రరంగానికి రప్పించారు. ఆ దర్శకుని 'మల్లీశ్వరి' (1951)లో రాణివాసపు వైభవం నడుమ బావకై పరితపించే పల్లెపడుచుగా ఆమె నటన, గానం నేటికీ ఆదర్శప్రాయాలు. సారంగు తమ్మయ 'వైజయంతీ విలాసము'లో వర్ణించిన దేవదేవి పాత్రకు 'విప్రనారాయణ' (1954)లో ఆమె ప్రాణం పోశారు.

దంపతులిద్దరూ భరణీ సంస్థను స్థాపించి అనేక చిత్రాలు నిర్మించారు. స్త్రీలు దర్శకత్వం వహించడం మిక్కిలి అరుదైన 1953లో, 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో ఆమె రూపొందించారు.

ఆత్మాభిమానానికి ఆమె మూల్యం కూడా చెల్లించారు. 'మిస్సమ్మ'లో తొలుత నాయికగా కొంత నటించినా, నిర్మాత చక్రపాణితో భేదాభిప్రాయం ఏర్పడి తప్పుకున్నారు. 1955లో విడుదలైన ఆ చిత్రం సావిత్రికి అఖండ కీర్తిని తెచ్చింది. భానుమతి మాత్రం తన పద్ధతిని మార్చుకోలేదు.

ఛాందసత్వము, అమాయకత్వము, అధికారము కలబోసిన అత్తగారిని చిత్రించిన 'అత్తగారి కథలు' తెలుగు హాస్యసాహిత్యంలో విశిష్టమైనవి. కోడలే కథ చెప్పినా, అందులో పరిహాసమే తప్ప ద్వేషం కానరాదు. ఆమె ఆత్మకథ 'నాలో నేను'. భారత ప్రభుత్వం ఆమెను 1966లో పద్మశ్రీతోను, 2001లో పద్మభూషణ్‌తోను సత్కరించింది.

భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో పరమపదించారు. కట్నానికి తలవంచని కాళిందిగా తెరపై అడుగుపెట్టిన ఆమె, నిజజీవితంలోను తలవంచకుండానే జీవించారు.