ఎనిమిదో ముక్క న్యాయమా, బలమా?

బళ్ళారిలో పేక కలుపుతున్న చోట ఒకే మాటకు రెండు లెక్కలు. తెలుగువాళ్ళకు ‘ఇస్పేటు’ అంటే నాలుగు రంగుల్లో ఒక రంగు, 13 ముక్కలు. కన్నడంలో ‘ఇస్పీటు’ అంటే మొత్తం పేకే, 52 ముక్కలూ. మనం ముక్క అనేదాన్ని వాళ్ళు ‘ఎలె’ అంటారు, ఆకు అని. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలింది; ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్ళారితో సహా ఏడు తాలూకాలు మైసూరులో కలిశాయి. ఊళ్ళో మాత్రం రెండు భాషలూ ఉండిపోయాయి. ఎదుటివాళ్ళు ఏ భాషలో ఉన్నారో చూసి లెక్క సరిచేసుకోవడం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా అలవాటే.

జోస్యానికి వాడే టారో ముక్కల అర్థాలు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కావలసింది సరిగ్గా ఈ అలవాటే. నేను మొదలుపెట్టినప్పుడు నోటుబుక్కులో 78 గళ్ళు గీసి, ముక్కకో అర్థం రాసుకున్నాను. రెండో కట్ట చేతికొచ్చిన రోజునే ఎనిమిదో గడి తప్పయింది. అర్థాలు బట్టీపట్టాను గానీ, అవి ఏ సంప్రదాయానివో రాసుకోలేదు.

ముందు 78ని విడదీద్దాం. 22 పెద్ద ముక్కలు: వెర్రివాడు, మాంత్రికుడు, చక్రవర్తి, చంద్రుడు, సూర్యుడు ఇలా. మిగిలిన 56 చిన్న ముక్కలు మన పేకకు చుట్టాలే. కప్పులు, కత్తులు, నాణేలు, కర్రలు అని నాలుగు రంగులు, రంగుకు 14. అందులో 1 నుంచి 10 దాకా అంకెల ముక్కలు, ఆపైన రాచకొలువు ముక్కలు నాలుగు. కర్ర వెనక ఓ చిన్న కథ ఉంది. ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల కాలం నాటి పేక ఒకటి ఇస్తాంబుల్ తోప్‌కాపి మ్యూజియంలో ఉంది. అందులో ఈ రంగు పోలో ఆడే కర్ర. పోలో తెలియని యూరప్‌లో అది ఉత్త కర్రయింది.

నేటి అచ్చు కట్టలు చాలావరకు మూడు సంప్రదాయాల్లో ఏదో ఒకదాని బిడ్డలు. మొదటిది ఫ్రాన్సులో 17, 18 శతాబ్దాల్లో స్థిరపడ్డ మార్సేయ్ కట్ట. రెండోది 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ కట్ట. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు వేసింది. మూడోది అలిస్టర్ క్రౌలీ ఆలోచనకు ఫ్రీడా హారిస్ 1938-43 మధ్య రంగులద్దిన థోత్ కట్ట. పూర్తి కట్టగా అది మార్కెట్లోకి వచ్చింది 1969లో. అప్పటికి ఇద్దరూ లేరు.

ఇక ఎనిమిదో ముక్క సంగతి. మార్సేయ్‌లో 8 న్యాయం, చేతిలో తక్కెడ. 11 బలం, సింహం నోరు పట్టుకున్న స్త్రీ. 1909 కట్టలో ఇవి తారుమారయ్యాయి: 8 బలం, 11 న్యాయం. ఎందుకో పంచాంగం చూసే అలవాటున్న మన పాఠకులకు చిటికెలో అర్థమవుతుంది. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం 22 పెద్ద ముక్కల్లో పన్నెండింటిని 12 రాశులకు వరుసగా ముడిపెట్టింది. 4వ ముక్క చక్రవర్తికి మేషం, 5కు వృషభం, 6కు మిథునం, 7వ ముక్క రథానికి కర్కాటకం. ఆ తర్వాత రావలసింది సింహం. కానీ పాత వరుసలో ఎనిమిదో చోట తక్కెడ పట్టుకున్న న్యాయం ఉంది, సింహమేమో పదకొండులో ఉంది. కర్కాటకం వెంటనే తుల వస్తే ఏ సిద్ధాంతీ ఒప్పుకోడు! అందుకే రెంటినీ అటూ ఇటూ మార్చారు. 8కి సింహం, 9వ ముక్క సన్యాసికి కన్య, 10వ ముక్క అదృష్టచక్రానికి గురుగ్రహం కాబట్టి అది రాశుల వరుసలో లేదు, 11కి తుల. వరుస కుదిరింది.

వెయిట్ ఆ సంఘం సభ్యుడే. క్రౌలీ కూడా అక్కడ చదువుకున్నవాడే. అయినా క్రౌలీ అంకెలను పాత చోటే ఉంచి పేర్లు మార్చాడు: న్యాయం కాస్తా ‘సర్దుబాటు’ అయింది, బలం ‘కామం’ అయింది. ఒకే బడిలో చదివిన ఇద్దరు రెండు దారులు పట్టారన్నమాట. కాబట్టి “ఎనిమిది వచ్చింది, అర్థమేమిటి?” అని అడిగితే, ఏ కట్ట అన్నది తెలియకుండా జవాబు లేదు.

40 అంకెల ముక్కల దగ్గర తేడా ఇంకా పెద్దది. మార్సేయ్‌లో కప్పుల 5 అంటే అయిదు కప్పులు, అంతే. మనిషి లేడు, కథ లేదు. అక్కడ అంకె అర్థాన్ని, రంగు అర్థాన్ని కలిపి చదవాలి. స్మిత్ ఆ 40కీ సన్నివేశాలు వేసింది. ఆమె కప్పుల 5లో నల్లని వస్త్రం కప్పుకున్న మనిషి తల వంచి నిలబడతాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయాయి, వెనక రెండు నిలిచే ఉన్నాయి, అతను వాటిని చూడడు. ఆ బొమ్మ చూశాక అర్థం మరిచిపోవడం కష్టం. నా దృష్టిలో టారోను లోకమంతా మోసుకెళ్ళింది ఆమె కుంచే. చాలాకాలం ఆ కట్ట ప్రచురణకర్త రైడర్ పేరుతో, వెయిట్ పేరుతో చలామణి అయింది తప్ప ఆమె పేరుతో కాదు. థోత్ కట్టలో దారి వేరు, ముక్క మీదే మాట అచ్చు వేశారు. కప్పుల 5 అక్కడ ‘ఆశాభంగం’. ఇక్కడ రెండు కట్టలూ కలిశాయి. కప్పుల 6 దగ్గర విడిపోతాయి: స్మిత్ బొమ్మలో పిల్లలు, పూలు, పాత జ్ఞాపకాలు, థోత్‌లో ‘సుఖం’.

రాచకొలువులో ఒక్క హెచ్చరిక చాలు. 1909 కట్టలో గుర్రపు వీరుడు రాజుకు, రాణికి కింద. థోత్‌లో రాజు లేడు, ఆ పెద్ద చోటు గుర్రపు వీరుడిదే.

అంకెకు తనంతట తానుగా విలువ ఉండదన్నది మన నేలకు కొత్త కాదు. కర్నూలు సీమలోని నొస్సంలో, తెలంగాణ నిర్మల్‌లో ఒకప్పుడు చేత్తో రంగులద్దిన గుండ్రటి గంజిఫా ముక్కలు తయారయ్యేవి. మొగలు గంజిఫా 8 రంగులు, రంగుకు 12 చొప్పున 96 ముక్కలు. దశావతార గంజిఫా 10 అవతారాలు, 120 ముక్కలు. ప్రతి రంగులో రాజు, మంత్రి, ఆపై పది అంకెలు. మత్స్యం నుంచి వామనుడి దాకా అయిదు రంగుల్లో మంత్రి తర్వాత పెద్దది 10. మిగతా అయిదింట్లో లెక్క తిరగబడుతుంది: 1 పెద్దది, 10 అన్నిటికన్నా చిన్నది. పగలు రాముడి రాజు ఉన్నవాళ్ళు ఆట మొదలుపెడతారు, రాత్రి కృష్ణుడి రాజు ఉన్నవాళ్ళు. మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు ఈ ఆటను ఇంకా పెంచి, శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధిలో వివరాలన్నీ రాయించారు. వాటిలో అతిపెద్ద కట్ట 18 రంగులు, 360 ముక్కలు. 360 ముక్కల కట్ట రూపొందించినవాళ్ళుండగా 78కి బెంబేలు పడనక్కర్లేదు.

టారో పుట్టింది కూడా ఆటగానే. ఇటలీలో 1440ల నుంచి దాని జాడ ఉంది. అది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు 1781లో రాశాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియోఁ ఛేదించింది 1822లో. అంటే చదవలేని లిపి పేరు చెప్పి కట్టిన కథ అది. జోస్యపు అర్థాల వెల్లువ జెబ్లాఁ రాతల తర్వాతిదే. ఎత్తైల్లా అనే పేరుతో రాసినాయన తలకిందుల ముక్కలకు వేరే అర్థాలు చెప్పాడు. దాంతో 78 కాస్తా 156 అయింది. కొత్తవాళ్ళు ఆ రెండో సగాన్ని మొదటి ఏడాది పక్కన పెట్టడమే మేలు.

గుడి ముందు చిలక జోస్యం పెట్టెలో మామూలుగా 27 కార్డులుంటాయి. మనకు తెలిసిన కార్డు జోస్యం అదే. (రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ పక్షి ఎగిరిపోవాలనే నేను కోరుకుంటాను.) చిలక తీసినా, మన చెయ్యే తీసినా, ముక్క రేపటిని చెబుతుందనడానికి రుజువు లేదు. పెళ్ళి, అప్పు, ఆపరేషను లాంటివి దాన్ని అడగొద్దని నన్ను అడిగినవాళ్ళందరికీ చెబుతాను. బొమ్మల భాషగా మాత్రం దానిమీద నాకు ప్రేమ.

ఆ భాషకు లెక్క ఇలా వేసుకుంటే బరువు సగమవుతుంది: 10 అంకెలు, 4 రంగులు, 4 కొలువు హోదాలు, 22 పెద్ద ముక్కలు. మొత్తం 40. కట్ట కొనగానే ఎనిమిదో పెద్ద ముక్క తీయండి. సింహం కనిపిస్తే 1909 కుటుంబం. తక్కెడ ఉంటే కప్పుల 5 కూడా తీయండి. ముక్క కింద మాట ఉంటే థోత్, ఉత్త కప్పులే ఉంటే మార్సేయ్. తర్వాతే పుస్తకం కొనండి, అదే కుటుంబానిది.

నా నోటుబుక్కు మళ్ళీ గీశాను. ఎనిమిదో వరుసలో ఇప్పుడు మూడు గళ్ళు: న్యాయం, బలం, సర్దుబాటు.